గీతను అందుకోని ముల్లు

పాత వాచీ కొనేముందు వంకల మాస్టారికి ఒకసారి చూపించుకోవాలన్నది ఆ బజారులో స్థిరపడిపోయిన మాట. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. మెట్ల కింద ఆరడుగుల కొట్లో కూర్చుని, కంటికి అద్దం బిగించుకుని, చేతి వాచీలు విప్పి, ఏ భాగం ఆ వాచీతో పుట్టింది, ఏది మధ్యలో వచ్చి చేరింది అని చెప్పేవాడు, అంతే. అలా వంకలు పెట్టీ పెట్టీ ఆ పేరొచ్చింది. ఎదురుగా "మాస్టారూ" అనేవాళ్ళు, ఆయన అటు తిరగ్గానే ముందు 'వంకల' తగిలించేవాళ్ళు. ఆయనకి రెండూ వినపడేవి. రెంటికీ పలికేవాడు.

పాత వాచీలు కొని అమ్ముకునే వ్యాపారి ఒకాయన వారానికోసారి వచ్చేవాడు. జేబులోంచి రుమాలు తీసి, అందులోంచి వాచీ తీసి, పసిపిల్లని అందించినట్టు అందించేవాడు.

"చూడండి మాస్టారూ, యాభై ఏళ్ళ నాటి సరుకు. ఒక్క ముక్క కూడా మారలేదట."

"ఎవరన్నారు?"

"అమ్మినాయనే."

"ఆయనకి పెళ్ళయిందా?"

"అయింది. ఎందుకూ?"

"తడుముకోకుండా ఇంత అబద్ధం చెప్పాడంటే ఇంట్లో రోజూ అలవాటు ఉండి ఉంటుందని."

తర్వాత అద్దం కంటికి ఎక్కేది. మాట నెమ్మదించేది. "అంకెల మీద రేడియం చూడు, తేనె రంగుకి తిరిగింది. ముళ్ళ మీదది పాలలా తెల్లగా ఉంది. ఒకే రోజు పుట్టి ఒకే ఎండ చూసినవాళ్ళలో ఒకడు ముసలాడై, ఇంకోడు పసివాడుగా ఉంటాడా? ముళ్ళు మారాయి. కీ తిప్పే గుండీ చూడు, తలకంటే టోపీ పెద్దది. వెనక మూత లోపల నంబరు ఒకటి, యంత్రం కూర్చునే డబ్బా మీద నంబరు ఇంకొకటి. ఈ మరమేకు తల మీద గీతలు చూశావా? వంటింటి చాకుతో విప్పాడు మహానుభావుడు."

"మరి ఇందులో అసలుది ఏముంది మాస్టారూ?"

"నీ ఆశ."

వ్యాపారి తిట్టుకుంటూ వెళ్ళేవాడు, మళ్ళీ వారం వచ్చేవాడు.

ఆ కన్ను ఊరికే రాలేదు. పదిహేనో ఏట ఆయన వాచీల విడిభాగాలు టోకుగా అమ్మే ఒక పెద్ద కొట్లో చేరాడు. యజమాని పై అంతస్తు గదిలో కూర్చోబెట్టి, గోనెసంచిలోంచి దోసెడు ముళ్ళు తెల్ల గుడ్డ మీద పోసి, "ఏ జాతివి ఆ జాతికి ఏరు" అన్నాడు. గంటల ముళ్ళు, నిమిషాల ముళ్ళు, సెకన్ల ముళ్ళు, మగవాళ్ళ వాచీలవీ, ఆడవాళ్ళవీ, అన్నీ కలగలిసిపోయి ఉండేవి. బియ్యంలో రాళ్ళేరినట్టు ఏడేళ్ళు ఏరాడు. గాలి తగిలితే ముళ్ళు లేచిపోతాయని ఫంకా కూడా వేసేవాళ్ళు కాదు. ఆ ఏడేళ్ళ ఉక్కలో నేర్చుకున్నదే ఆయన చదువంతా. ముల్లు చూస్తే దాని తల్లి వాచీ ఏదో చెప్పగలిగేవాడు. మనుషుల మొహాలు మాత్రం అంత తొందరగా గుర్తుపట్టేవాడు కాదు. ఓసారి సొంత బావమరిది కొట్టు ముందుకొచ్చి నిలబడితే, మణికట్టు చూసి, "ఈ వాచీ నేను రెండేళ్ళ క్రితం విప్పానే" అన్నాడట. ఆ మాట చెప్పి ఆయన భార్య ఇప్పటికీ నవ్వుతుంది.

కొట్లో ముందు కూర్చునేది ఆవిడే. వచ్చినవాళ్ళ మాట వినడం, చీటీ రాయడం, దారంతో వాచీకి కట్టడం ఆవిడ పని. ఆయన కళ్ళు, ఆవిడ చెవులు అని పక్క కొట్టు తాళాలాయన అనేవాడు. నిజమే, ఆయన ఎవరి మాటా పూర్తిగా వినేవాడు కాదు. వాచీ చేతిలోకి రాగానే మనిషి ఆయన లెక్కలోంచి జారిపోయేవాడు.

ఒకరోజు పొద్దున్నే, బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు వచ్చారు. డెబ్భై దాటి ఉంటాయి. ఇన్నేళ్ళు స్టీరింగు పట్టుకున్న భుజాలు ఇంకా ముందుకే వంగి ఉన్నాయి.

"వాచీ ఆగిపోతోంది మాస్టారూ. పొద్దున బాగానే తిరుగుతుంది, మధ్యాహ్నం కాగానే కునుకు తీస్తుంది."

"వయసు అన్నా. మనకి మాత్రం కునుకు పట్టదా?" అన్నాడు మాస్టారు చెయ్యి చాపి.

డ్రైవరు వెంటనే ఇవ్వలేదు. పట్టీ విప్పి, వాచీని అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. మణికట్టు చుట్టూ ఎండ తగలని తెల్లటి పట్టీ ఒకటి మిగిలింది.

"కడిగి నూనె వెయ్యండి, చాలు. ఇంకేదీ మార్చొద్దు. ఏదీ ముట్టుకోవద్దు."

"అలాగే."

"ఏదీ, అమ్మా," అన్నాడు ఈసారి ఆవిడ వైపు తిరిగి.

"రాస్తున్నా అన్నయ్యగారూ," అని ఆవిడ చీటీ మీద రాసింది: కడగాలి. నూనె. ఏదీ మార్చొద్దు. వారంలో రమ్మంది. పెద్దాయన గుమ్మం దాటి, వీధి మలుపు దాకా వెళ్ళి, ఆగి, కొట్టు వైపు చూసి, అప్పుడు మలుపు తిరిగాడు.

మర్నాడు మాస్టారు ఆ వాచీ విప్పాడు. విప్పి, అద్దం తీసి, తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇదిగో, ఇలా రా," అని భార్యని పిలిచాడు. "ముప్పై ఏళ్ళుగా ఇంత నిజాయితీ ఉన్న వాచీ చూడలేదే నేను. డయల్ దానిదే. డబ్బా దానిదే. గుండీ, మూత, లోపలి మరమేకులు, గంటల ముల్లు, నిమిషాల ముల్లు అన్నీ పుట్టినింటివే."

"మరి మొహం అలా పెట్టారేం?"

"సెకన్ల ముల్లు చూడు."

ఆవిడ చూసింది. ఆవిడకేం కనపడలేదు. ఆయన పట్టకారు కొనతో చూపించాడు. డయల్ అంచున అరవై సన్నటి గీతలు. సెకన్ల ముల్లు కొన ఆ గీతల్ని తాకుతూ పోవాలి. ఇది తాకడం లేదు. వెంట్రుక మందం, మహా అయితే రెండు వెంట్రుకలు, ఇవతలే ఆగి తిరుగుతోంది.

"ఇది ఇదే కంపెనీ ఆడవాళ్ళ చిన్న వాచీది. మధ్య రంధ్రం పెద్దది చేసి ఇందులో గుచ్చారు. ఎవడో చేతికి దొరికింది పెట్టి పంపించాడు పాపం. ఆయన బస్సు నడుపుకునే మనిషి, ఆయనకేం తెలుస్తుంది?"

ఆ పొట్టి ముల్లు ఆయనకి పంటి కింద రాయిలా అయింది. కడగడం అయింది, నూనె అయింది, వాచీ గుర్రంలా నడుస్తోంది. ఆయన మాత్రం దాన్ని పక్కన పెట్టలేకపోయాడు. ఆఖరికి సొరుగు వెనక నుంచి ఒక చిన్న రేకు డబ్బా తీశాడు. అందులో కాగితం పొట్లం. పొట్లంలో ఆ జాతి వాచీకి సరైన సెకన్ల ముల్లు ఒకటి, వాడనిది. పదకొండేళ్ళుగా దాచాడు. ఆయన దగ్గర అదే ఆఖరుది. ఆ పాత వాచీల వ్యాపారి కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వలేదు.

"ఏదీ మార్చొద్దన్నాడు కదండీ," అంది భార్య.

"అందరూ అనే మాటేలే అది. బిల్లు పెరుగుతుందని భయం. నేను దీనికి పైసా తీసుకోను."

"ఒక్కసారి అడిగితే పోయేదేముంది? వస్తాడుగా."

"కాలు విరిగినవాణ్ణి కట్టు కట్టమంటావా అని అడుగుతారటే?"

ఆయన పొట్టి ముల్లు తీసి పొడుగు ముల్లు పెట్టాడు. కొన గీత మీదికి వచ్చి, దాన్ని తాకి, తర్వాత గీతకి వెళ్ళింది. అలా అరవై గీతలూ తాకేదాకా చూశాడు. కడుపు నిండినట్టయింది ఆయనకి.

వారం గడిచింది. డ్రైవరు రాలేదు. పదో రోజున ఒక నర్సు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, డ్యూటీ దిగి సరాసరి వచ్చినట్టుంది, చెప్పుల నిండా దుమ్ము. చేతిలో ఆడవాళ్ళ చిన్న వాచీ.

"మా అమ్మది మామయ్యా. అమ్మా నర్సే. ఆవిడ పోయాక బీరువాలో దొరికింది. నడుస్తుంది కానీ సెకన్ల ముల్లు లేదు. అది లేని వాచీ మాకెందుకు చెప్పండి? నాడి ఎలా లెక్కపెట్టాలి?"

మాస్టారు డయల్ చూశాడు. చూసి, సొరుగు లాగాడు. డ్రైవరు వాచీలోంచి తీసిన ముల్లు ఏ జాతిదో, ఈ వాచీ సరిగ్గా ఆ జాతిది. పెద్దది చేసిన రంధ్రాన్ని మళ్ళీ సుతారంగా నొక్కి బిగించి, గుచ్చాడు. కొన గీత మీద వాలింది.

"దీనికోసమే పుట్టిన ముల్లమ్మా ఇది," అన్నాడు.

నర్సు అక్కడే నిలబడి తన నాడి తానే పట్టుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. "డెబ్భై ఆరు. బతికే ఉన్నా," అని నవ్వింది.

ఆ వారం ఆయనంత సంతోషంగా ఉన్న మనిషి ఆ బజారులో లేడు. "అక్కడ తప్పు, ఇక్కడ ఒప్పు. చెయ్యి తిప్పి రెండు వాచీలు బాగుచేశా," అని భార్యకి మూడుసార్లు చెప్పాడు. "పెళ్ళిళ్ళ పేరయ్యలా తయారయ్యారు మీరు," అంది ఆవిడ.

నెల దాటాక డ్రైవరు వచ్చాడు. మెట్ల మీద జారి మోకాలు వాచి మంచం పట్టాడట. కర్ర సాయంతో నడుస్తున్నాడు. మాస్టారు తానే లేచి వాచీ తీసి ఇచ్చాడు, మామూలుగా ఆ పని భార్యది. పెద్దాయన మొహం ఎలా వెలుగుతుందో చూడాలని ఆయన ఆశ.

డ్రైవరు వాచీని ముందు చెవి దగ్గర పెట్టుకున్నాడు. తల ఊపాడు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని డయల్ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది నాది కాదు."

"నీదే అన్నా. బాగా చూడు."

"ముల్లు నాది కాదు."

మాస్టారు నవ్వాడు. "కనిపెట్టేశావే! ఎవడో నీ వాచీకి ఆడవాళ్ళ వాచీ ముల్లు పెట్టాడన్నా. పొట్టిది. గీత అందుకునేది కాదు. అది తీసేసి అసలుది పెట్టా. దానికి నువ్వేం ఇవ్వక్కర్లేదు, ఊరికే పెట్టా."

"గీత అందదని నాకు తెలుసు మాస్టారూ. ఇరవయ్యారేళ్ళు చూశా."

డ్రైవరు బల్ల మీద చెయ్యి ఆనించుకుని నిలబడ్డాడు. ఆవిడ లేచి తన పీట ఇచ్చింది. ఆయన కూర్చోలేదు.

"అది మా అమ్మాయిది," అన్నాడు. "పదహారేళ్ళు. మూడు రోజుల జ్వరం. పరీక్ష పాసయిందని నేనే కొనిపెట్టిన వాచీ. వాళ్ళమ్మ దాన్ని చేతి నుంచి తీయనివ్వలేదు. వాచీతోనే పంపాలి నా తల్లిని అంది. కాదని నేనెలా అంటాను? కీ ఇచ్చి పెడతానని చెప్పి వాచీ తీసుకుని, డిపో గేటు పక్కన వాచీలాయన ఉండేవాడు, ఆయన దగ్గరికి పరిగెత్తా. ఇందులోంచి ఏదైనా ఒక్కటి నాకు తీసివ్వు అన్నా. ఏం తియ్యమంటావు అన్నాడు. కదులుతూ కనపడేది ఏదో అది తియ్యి అన్నా. పెద్ద ముళ్ళు కదిలినట్టు కనపడవు కదా మాస్టారూ. ఇదొక్కటే పరిగెడుతుంది. పిల్లా అంతే, ఒక్కచోట నిలిచేది కాదు. ఆయన దాన్ని తీసి నా వాచీకి పెట్టాడు. నేను వెళ్ళి ఆ వాచీ దాని చేతికి పెట్టా. వాళ్ళమ్మ ఏడుపులో చూసుకోలేదు. ఈ రోజుకీ ఇంట్లో తెలీదు."

మాస్టారి అద్దం ఇంకా నుదుటి మీదే ఉంది. దాన్ని తియ్యాలని కూడా తోచలేదు ఆయనకి.

"ఇదంతా చీటీ మీద ఏమని రాయిస్తాను? అందుకే ఏదీ ముట్టుకోవద్దన్నా." డ్రైవరు గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో. "అది ఉందా?"

"ఉంది."

"పారెయ్యలేదుగా?"

"లేదన్నా. ఉంది. వారంలో పెట్టి ఇస్తాను."

ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. డ్రైవరు వాచీ బల్ల మీద పెట్టి, కర్ర టకటకలాడించుకుంటూ వీధిలోకి దిగాడు. భార్య చీటీల కట్ట సర్దుకుంటోంది. 'నేను చెప్పలేదూ' అని ఒక్కమాట అంటుందేమోనని మాస్టారు చూశాడు. అంటే ఎదురు ఏదో ఒకటి అని, కాస్త పోట్లాడి, తేలికపడేవాడు. ఆవిడ అనలేదు. కుండలోంచి మంచినీళ్ళు ముంచి ఆయన ముందు పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఆసుపత్రికి వెళ్ళాడు. నర్సు ఉండే వార్డు రెండో అంతస్తులో. గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చోమన్నారు. అక్కడి నుంచి ఆమె కనపడుతూనే ఉంది. ఒక ముసలాయన మణికట్టు పట్టుకుని, ఎడమచేతి వాచీ వైపు చూస్తూ, పెదాలు కదుపుతోంది. మాస్టారు కూర్చున్న చోటికి ముల్లు కనపడదు. కానీ అది ప్రతి గీతనీ తాకుతూ పోతోందని ఆయనకి తెలుసు. వాచీలో సరైన భాగం సరైన చోట ఉంటే ఎలా ఉంటుందో చూసి సంతోషపడటం తప్ప ఇంకే ఆస్తీ సంపాదించుకోని మనిషి ఆయన. ఆ రోజు మాత్రం తల దించుకుని నేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆమె అంకె రాసుకుని, ఇంకో మంచం చూసి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఏం మామయ్యా, ఇంత దూరం వచ్చారు? నా వాచీలో కూడా ఏదైనా వంక దొరికిందా ఏంటి?"

"నేను చేసిన వంకేనమ్మా," అని మొదలుపెట్టి, ఏదీ దాచకుండా చెప్పాడు. డ్రైవరు ముట్టుకోవద్దన్న సంగతీ, భార్య అడగమన్న సంగతీ, తను వినకపోవడమూ, అన్నీ. చెప్పేటప్పుడు ఆమె మొహం చూస్తూ చెప్పాడు. ఆమె కింది పెదవి పక్కన చిన్న మచ్చ ఉందని అప్పుడే చూశాడు.

ఆమె వాచీ వైపు చూసుకుంది. "అంటే ఇది ఆ పిల్లదా?"

"అవునమ్మా."

"నెల నుంచీ దీంతో ఎంతమంది నాడి చూశానో." "దీనికోసమే పుట్టిన ముల్లు అన్నారు కదా మామయ్యా మీరు."

"అన్నాను. నిజమే అన్నాను. అదే నా బాధ."

ఆమె పట్టీ విప్పి వాచీ ఆయన చేతిలో పెట్టింది. "తీసుకోండి. గోడ గడియారం ఉందిలెండి వార్డులో. కాకపోతే మంచం మంచానికీ మెడ తిప్పాలి. అమ్మ ఉన్నా ఇచ్చేసేది. నాలుగు తిట్టి ఇచ్చేది. నాకు తిట్టడానికి టైము లేదు, డ్రిప్పు అయిపోతోంది." అని లోపలికి వెళ్ళిపోయింది.

కొట్టుకొచ్చి ఆయన వెంటనే పనిలో కూర్చోలేదు. సెకన్ల ముల్లు మధ్యలో, ఇరుసుకి గుచ్చడానికి, ఆవగింజలో సగం కూడా లేని గొట్టం ఒకటి ఉంటుంది. ఇత్తడిది. ఈ ముల్లుకి డిపో దగ్గరి వాచీలాయన దాన్ని ఒకసారి వెడల్పు చేశాడు. నెల క్రితం తను నొక్కి ఇరుకు చేశాడు. ఇప్పుడు మళ్ళీ వెడల్పు చేస్తే తప్ప డ్రైవరు వాచీకి ఎక్కదు. సన్నటి ఇత్తడిని అటూ ఇటూ ఎన్నిసార్లు లాగినా ఊరుకుంటుందా? ఈ సంగతి ఆయనకి ఆసుపత్రి మెట్లు ఎక్కేటప్పుడే తెలుసు.

రెండు రోజులు ఆగాడు. మూడో రోజు పొద్దున, వెలుతురు బాగున్నప్పుడు, కొట్టు తలుపు సగం మూయించి కూర్చున్నాడు. ముల్లుని లక్కతో చిన్న కర్రకి నిలబెట్టి, రంధ్రంలో సన్నటి సూది ఆకురాయి పెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పాడు. ఒక చుట్టు. రెండు. ఇరుసు మీద పెట్టి చూశాడు, ఇంకా కొంచెం కావాలి. మూడో చుట్టులో చప్పుడేమీ రాలేదు. వేళ్ళకి మాత్రం తెలిసింది. అద్దంలోంచి చూస్తే గొట్టం పొడుగునా వెంట్రుక లాంటి పగులు.

ఆయన ఆకురాయి కింద పెట్టేశాడు.

"ఏమైంది?" అంది భార్య.

"పగిలిందే."

ఆవిడ వచ్చి పక్కన నిలబడింది. ఆయన భుజం మీద చెయ్యి వేసింది, పగలు కొట్లో ఆవిడ అలా ఎప్పుడూ వెయ్యదు.

చిట్లిన గొట్టం ఇరుసుని పట్టుకోదు. మిగిలింది ఒకటే దారి. ముల్లుకి లక్క పెట్టి అంటించడం. అలా అంటించినవాళ్ళని ఆయన జీవితమంతా తిట్టాడు. అలాంటి వాచీ వస్తే, "ఇది చేసినవాడి వేళ్ళకి లక్క పెట్టాలి" అనేవాడు. ఆ మధ్యాహ్నం ఆయన సూది మొన వేడిచేసి, దుమ్ము రేణువంత లక్క తీసి, ఇరుసు మీద పెట్టి, దాని మీద ముల్లుని నిలిపి, ఆరేదాకా కదలకుండా కూర్చున్నాడు. తర్వాత కీ ఇచ్చాడు. పొట్టి ముల్లు బయల్దేరింది. గీతలకి రెండు వెంట్రుకలు ఇవతలగా, ఎప్పటిలాగే.

"నిలుస్తుందా?"

"తెలీదే."

"ఆయనకి చెప్తారా?"

"చెప్పకుండా ఒకసారి చేశాగా. చాలు."

చెప్పిన రోజుకి డ్రైవరు వచ్చాడు. మాస్టారు వాచీ ఇవ్వకముందే అంతా చెప్పాడు. నర్సు గురించీ, పగులు గురించీ, లక్క గురించీ. డ్రైవరు విన్నాడు. వాచీ తీసుకుని ముల్లు మూడు చుట్లు తిరిగేదాకా చూశాడు.

"తిరుగుతోంది."

"ఇప్పటికి తిరుగుతోంది అన్నా. రేపే ఊడొచ్చు, ఏడాది ఉండొచ్చు. ఊడి మిగతా ముళ్ళకి అడ్డం పడితే వాచీ ఆగిపోతుంది. నన్నడిగితే, దాన్ని తీసి కాగితంలో చుట్టి ఇస్తా. పదిలంగా ఉంటుంది."

"కాగితంలో దాచుకునేటట్టయితే ఆ రోజే కాగితంలో దాచుకునేవాణ్ణి కదా మాస్టారూ." పట్టీ బిగించుకున్నాడు. "ఆ నర్సమ్మకి నా దండాలు చెప్పండి."

ఆ సాయంత్రమే మాస్టారు డ్రైవరు వాచీలోంచి తిరిగొచ్చిన పొడుగు ముల్లు తీశాడు, పదకొండేళ్ళు దాచిన ఆ ఆఖరుదాన్ని. నర్సు వాచీ డయల్ మీద పెట్టి కొలుచుకుని, కత్తెరతో కొన కత్తిరించాడు. పనిలో దిగాక ఆయన ఒక ముల్లుని కత్తిరించడం అదే మొదలు. కొన నున్నగా రుద్ది, గొట్టం బిగించి, గుచ్చాడు. గీతలు అందుతున్నాయి. నాడి లెక్కకి సరిపోతుంది.

"ఎప్పుడో ఒకనాడు ఎవడో దీన్ని అద్దంలోంచి చూసి, 'ఏ చేతగానివాడో కత్తిరించాడు' అంటాడే," అన్నాడు భార్యతో.

"అననివ్వండి. చేతిలో నాడి ఆడుతున్నంతసేపూ ఆ అమ్మాయికి పనికొస్తే చాలు," అందావిడ.

ఆ తర్వాత కూడా ఆయన వంకలు చెప్పడం మానలేదు. కన్ను ఊరుకోదు కదా. కానీ ఏ వాచీ నుంచి ఏ ముక్క తీసినా, తుప్పు పట్టిందైనా సరే, పొట్లం కట్టి వాచీతోపాటు చేతికిచ్చేవాడు. "ఇదేం చేసుకోవాలి మాస్టారూ?" అని కొందరు మెట్ల దగ్గరే పారేసి వెళ్ళేవాళ్ళు.

లక్క నలభై మూడు రోజులు నిలిచింది. నలభై నాలుగో రోజున డ్రైవరు వచ్చి మణికట్టు చాపాడు. ముల్లు ఊడి, గాజు కింద, ఆరు అంకె పక్కన పడి ఉంది. గంటల ముల్లూ నిమిషాల ముల్లూ తిరుగుతున్నాయి.

"ఇంకోసారి అంటిస్తా అన్నా."

"ఆ పగులు పెరగదా?"

మాస్టారు అబద్ధం చెప్పలేకపోయాడు. "పెరగొచ్చు. రెండు ముక్కలవచ్చు."

"అయితే వద్దు."

"అలా వదిలేస్తే అడ్డం పడుతుంది. ఆగిపోతుంది."

"ఆగినప్పుడు చూద్దాం." చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "విప్పొద్దు మాస్టారూ. ఈసారి నిజంగానే ఏదీ ముట్టుకోవద్దు."

మళ్ళీ ఆ కొట్టుకి రాలేదు ఆయన.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం, మాస్టారూ భార్యా బస్సు కోసం నిలబడి ఉంటే, కాస్త అవతల డ్రైవరు కనపడ్డాడు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, వచ్చేపోయే బస్సుల్ని చూస్తున్నాడు. ఈయన్ని ఇంకా చూడలేదు. పక్కనున్న ఒకావిడ, చంకలో పిల్లాడు, చేతిలో సంచీ, ఆయన్ని అడిగింది.

"టైమెంతయింది పెద్దాయనా?"

ఆయన చెయ్యి పైకెత్తాడు. మణికట్టుని మెల్లగా ఒక పక్కకి వాల్చాడు, గాజు కింద ఊడిన ముల్లు అంకెల మీంచి జారి అంచుకి వెళ్ళేదాకా. అది నిలిచాక, వాచీ కదలకుండా రెండో చేత్తో పట్టుకుని, అప్పుడు చూశాడు.

"నాలుగూ పదమ్మా."

మాస్టారు ఒక అడుగు ముందుకు వేశాడు. భార్య ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆయన ఆగిపోయాడు.